మూతికో గుడ్డ, సాంచకో గుడ్డ

7 సెప్టెంబర్ 2020, సోమవారం

తలలో ఏదైనా తొలుస్తుంటే కాగితం మీద పెట్టెయ్యమని స్వరాజ్యం టీచర్ చెప్పేది. లింబాయత్ మునిసిపల్ తెలుగు స్కూల్లో ఆమె నేర్పిన అక్షరాలు మళ్ళీ బయటికి తీశాను. మా కార్ఖానా కేబిన్‌లో అందరూ గుజరాతీ వాళ్ళే, ఈ అక్షరాలు ఎవరికీ రావు. అదీ ఒక సుఖమే.

ఇవాళ సేఠ్ కొడుకు మితుల్ భాయి నన్ను పిలిచి ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని వెబినార్లు చూసీ చూసీ ఆయనకు జ్ఞానోదయమైంది. లీన్ అట, సిక్స్ సిగ్మా అట, కైజెన్ అట. ఒక్కటి చాలదట, మూడూ కలిపి వాడాలట. నాకు అర్థమైనంతవరకు, లీన్ అంటే పనికిరాని పని తీసెయ్యడం. సిక్స్ సిగ్మా అంటే కొలవకుండా నోరు తెరవకపోవడం. కైజెన్ అంటే రోజుకింత బాగుచేసుకుంటూ పోవడం, అదీ పనిచేసేవాళ్ళే చెయ్యడం. "వినోదా, టెక్స్‌టైల్ డిప్లొమా తేరే పాస్ హై. తూహీ కర్" అంటూ, గుడ్డ ఎందుకు పాడవుతున్నదో కనుక్కునే పని నాకు అప్పగించాడు. నాలుగేళ్ళ నుంచి గుడ్డలో మచ్చ ఎక్కడుందో చూసి గుర్తు పెట్టే చెకర్‌ని నేను. మచ్చ ఎందుకొచ్చిందో కనుక్కోమని ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. సంతోషమైంది, దాచుకోవడమెందుకు.

సంగతి మాత్రం సంతోషపడేది కాదు. జులైలో కార్ఖానా తెరిచినప్పటి నుంచి గుడ్డలో డ్యామేజ్ పెరిగింది. పాండేసరలో రంగు వేసే మిల్లువాళ్ళు చుట్టలు చుట్టలుగా వెనక్కి పంపుతున్నారు. దీపావళికి కార్ఖానా మూస్తారు, సెలవుల తర్వాత సేఠ్ ఫోన్ చేసి పిలిచినవాళ్ళకే మళ్ళీ పని. ఇది ఎప్పుడూ ఉన్న పద్ధతే. ఈసారి ఎక్కువ డ్యామేజ్ వచ్చే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాళ్ళకు ఫోన్ పోదని మితుల్ భాయి చెప్పాడు.

అందరికంటే ఎక్కువ డ్యామేజ్ వచ్చేది మా బాపు సాంచాల మీద, మా నాన్న సాంచాల మీద.

9 సెప్టెంబర్

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎవరికి వారు ఇంకోదాని మీద పెడుతున్నారు. బాపు పక్క వరసలో నేసే దశరథం మామ నూలు మంచిది కాదంటాడు. సాంచాలు బాగుచేసే ఉమాకాంత్ అన్న, మూడు నెలలు ఊరికే నిలబడి ఇనుము తుప్పు పట్టిందంటాడు. మితుల్ భాయి ఊరి నుంచి తిరిగొచ్చినవాళ్ళకు చేతులు మొద్దుబారాయంటాడు. అందరూ నమ్మకంగానే చెబుతున్నారు. మూడూ నిజం కావచ్చు, ఒక్కటీ కాకపోవచ్చు. నాకిది భలే ఉంది.

బాపు ఏమంటాడో అడుగుదామని ఇంట్లో వంట చేస్తూ, "బాపూ, కొత్త నూలు ఎట్లున్నది?" అన్నాను. పలకలేదు. ఫ్యాన్ చప్పుడుకు వినపడలేదు.

16 సెప్టెంబర్

బాపు నూలు దశరథం మామకిచ్చి, మామ నూలు బాపుకు పెట్టించాను. డ్యామేజ్ నూలుతోపాటు పోలేదు, బాపు దగ్గరే ఉంది. ఉమాకాంత్ అన్న బాపు సాంచాలన్నీ విప్పి నూనె పోసి బిగించాడు. రెండు రోజులు చూశాను. అదే తీరు.

చేతులు మొద్దుబారాయా అంటే, బాపు ఊరికి పోనే లేదు. లాక్‌డౌనంతా ఈ గదిలోనే మా ముందే ఉన్నాడు. ఆ రోజుల్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. సాంచ ఆగిందని మనసు బాధపడి ఉంటుంది.

20 సెప్టెంబర్, ఆదివారం

ఇవాళ మచ్చలన్నిటినీ గంటలవారీగా పరిచి చూశాను. చూసి లేచి నిలబడ్డాను. పొద్దంతా డ్యామేజ్ మామూలుగానే ఉంది. పాళీ, అంటే షిఫ్టు, మారిన తర్వాత మొదటి గంటలోనే కుప్పగా ఉంది. అందరి సాంచాల మీదా అంతే, బాపు వాటి మీద ఇంకా ఎక్కువ.

నూలుకు గంట తెలియదు, తుప్పుకు గంట తెలియదు. పాళీ మారేటప్పుడు ఏమవుతుంది? రాత్రి నడిపినవాడు దిగుతాడు, పొద్దున్నవాడు ఎక్కుతాడు. దిగేవాడు ఏ సాంచ ఎట్లా సతాయిస్తున్నదో చెప్పి పోతాడు. అంతే కదా.

మరి చెప్పడం లేదా?

21 సెప్టెంబర్

వెబినార్‌లో చెప్పారు, ఐదుసార్లు ఎందుకు అని అడగాలట. మొదటి జవాబు దగ్గర ఆగినవాడు మూర్ఖుడట. బాపు సాంచాలనే రాత్రి పాళీలో నడిపే సురేశ్‌ను గేటు దగ్గర పట్టుకున్నాను.

"మూడో సాంచల పడుగు తెగుతున్నదని మా బాపుకు చెప్పలేదా?"

"చెప్పిన అక్కా. ముంగట నిలవడి చెప్పిన. కాక తల ఊపిండు."

బాపును అడిగితే, "వాడేం జెప్పలే" అన్నాడు.

ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. మా బాపు అబద్ధమాడడు. సురేశ్‌ను నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. పిల్లాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని సైకిలెక్కి పోయాడు.

22 సెప్టెంబర్

సురేశ్ అబద్ధమాడితే ఆ ఒక్క వరసే పాడవ్వాలి. మొదటి గంటలో అన్ని వరసలూ పాడవుతున్నాయి. ఈ మాట నిన్న తట్టలేదు.

28 సెప్టెంబర్

కైజెన్ కోసం తలుపు దగ్గర ఒక డబ్బా పెట్టాను, ఎవరికి తోచిన సలహా వాళ్ళు వెయ్యమని. తెరిస్తే రెండు గుట్కా కాగితాలు, చాయ్ నీళ్ళలాగా ఉందని ఒకటి, పంఖా బాగుచేయించమని ఒకటి. "వినోద పెండ్లెప్పుడు?" అని ఒకటి. చేతిరాత దశరథం మామది. అందరం చాయ్‌కి మాస్కులు దించినప్పుడు పోయి నిలదీశాను.

మామ నవ్వి, "సలహ కావాల్నా? గైతే ఇను. మూతికి గుడ్డ కట్టినంక మేమేం జూసి మాట్లాడుకోవాలె పోరీ?" అన్నాడు.

నేను పుట్టింది సాంచాల పక్కన. ఆ మోతలో ఎవరి గొంతూ ఎవరికీ అందదని, మేమంతా పెదవులు చూసి మాట్లాడుకుంటామని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలుసు కాబట్టే అది కనబడలేదు. ఇంట్లో కూడా నోరు పెద్దగా తెరిచి మాట్లాడతాం. గుజరాతీ వాళ్ళు మమ్మల్ని చూసి కొట్లాడుకుంటున్నాం అనుకుంటారు.

మరి మాస్కు తీసెయ్యమందామా? జులైలో మొదటి వరస పరమేశ్వర్ దగ్గుతో ఆస్పత్రికి పోయి తిరిగి రాలేదు. అతని సాంచ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ అందరూ మాస్కు ముక్కు మీదికి జరుపుకుంటారు. తియ్యమని నేను చెప్పను.

సురేశ్‌కు క్షమాపణ చెప్పాలి.

1 అక్టోబర్

చెప్పాను. "పోనీ తియ్యక్కా" అన్నాడు. ముఖం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది.

7 అక్టోబర్

మితుల్ భాయి పెదవులు కనబడే ప్లాస్టిక్ మాస్కులు తెప్పించాడు. మా షెడ్డు వేడికి అవి గడియలో ఆవిరి పట్టాయి. అందరూ వాన రోజు బస్సు అద్దాల వెనక కూర్చున్నట్టు కనిపించారు. దశరథం మామ తన దాని మీద వేలితో పువ్వు గీశాడు. ఖర్చు దండగ అయినందుకు మితుల్ భాయి మొహం చిన్నబోయింది. ఆయన మీద కొంచెం జాలేసింది కూడా. తప్పు చేయడం కూడా కొలతే అని ఆయన ల్యాప్‌టాపే కదా చెప్పింది.

11 అక్టోబర్, ఆదివారం

ఒక్కటి మిగిలిపోయింది. అందరి పెదవులూ మూసుకుంటే అందరికీ ఒకే తీరు డ్యామేజ్ రావాలి. బాపుకు ఎక్కువెందుకు?

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. బాపుకు ఓపిక తగ్గింది కావచ్చు. వెనక నుంచి పిలిచాను, చాయ్ తాగుతావా అని. ఫ్యాన్ చప్పుడు.

12 అక్టోబర్

కొత్త ఉపాయం. మాట అందకపోతే కన్నుకు అందాలి. దిగేవాడు సతాయించే సాంచకు ఎర్రగుడ్డ పేలిక కట్టి పోవాలి. ఎక్కేవాడు ముందు దాని దగ్గరికే పోవాలి. పేలిక పైన కడితే తెగేది పడుగు, కింద కడితే పేక. ఈ పైన కింద సంగతి నాది కాదు, సురేశ్ చెప్పాడు.

18 అక్టోబర్, ఆదివారం

మొదటి గంట డ్యామేజ్ సగానికి పడింది! బాపుది సగంకంటే కిందికి పోయింది. ఎక్కువ పాడైనచోటే ఎక్కువ బాగుపడింది. ఎందుకు?

పొద్దున కరెంటు పోయింది. గల్లీలో ఒక్క సాంచా మోగడం లేదు. బాపు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను వెనక నిలబడి, "బాపూ" అన్నాను. మళ్ళీ అన్నాను. ఇంకొంచెం గట్టిగా అన్నాను.

ఫ్యాన్ తిరగడం లేదు.

19 అక్టోబర్

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

20 అక్టోబర్

అవ్వ, మా అమ్మ, రొట్టెలు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. అవ్వే అంది, "ఏంది, నీకు గిప్పుడు ఎర్కయ్యిందా?"

"నీకు ఎప్పటి సంది ఎర్క?"

"నువ్వు డిప్లొమల చేరక ముందు సంది. ఎవలన్న పిలిస్తె నేనే పలుకుత. ఫోనొస్తె నేనే ఎత్తుత. ఆయన తల ఊపుతడు. గట్ల నడిపిచ్చుకొస్తున్నం బిడ్డా."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు గుడ్డ సూసేదానివి. నీకు జెప్తె కార్ఖానకు జెప్పినట్టే. చెవిటోన్ని పెట్టుకుంటడా సేఠు?"

కోపమొచ్చింది. అవ్వ మీదా, బాపు మీదా కాదు. నూలును కొలిచాను, నూనెను కొలిచాను, గంటల్ని కొలిచాను. ఒకే గదిలో పడుకునే మనిషి పలకకపోతే ఆ తప్పు ఫ్యాన్ మీదికి తోసేశాను. సురేశ్‌ను నలుగురిలో తిట్టాను. వాడు చెప్పాడు, బాపు వినపడకుండానే తల ఊపాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు.

26 అక్టోబర్, సోమవారం

ఇవాళ ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నిన్న దసరా. మావాళ్ళు ఏటా చేసినట్టే సాంచాలు కడిగి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, ప్రతి సాంచకూ ఎర్రగుడ్డ కట్టి మొక్కారు. పొద్దున పాళీ ఎక్కినవాళ్ళు చూస్తే షెడ్డులో ఉన్న సాంచాలన్నీ సతాయిస్తున్నాయి. ఒక్కో సాంచా ఆపి, పడుగు వెతికి, పేక వెతికి, సగం పొద్దు మట్టిగొట్టుకుపోయింది. మితుల్ భాయి కేబిన్ నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"దేవుని గుడ్డ ఏదో, రోగం గుడ్డ ఏదో గుర్తువట్టరాదా?" అని అరిచాను.

"దేవునిది విప్పరాదు పోరీ" అన్నాడు దశరథం మామ. "నీదే మార్చుకో."

సబబే. ఏ దేవుడికీ కట్టని రంగు కావాలని అందరం కూర్చుని ఆలోచించాం. పసుపు కాదు, ఆకుపచ్చ కాదు, తెలుపు చావుకు, నలుపు దిష్టికి. చివరికి నీలం తేలింది. లీన్, సిక్స్ సిగ్మా, కైజెన్ మూడూ కలిపినా ఈ దసరా గుడ్డను ముందే చూడలేకపోయాయి. ఆ కూర్చున్న అరగంట మాత్రం ఈ ఏడాదిలో నాకు బాగా నచ్చిన అరగంట. బాపు కూడా అందులో ఉన్నాడు, అందరి కళ్ళవైపూ చూస్తూ.

1 నవంబర్, ఆదివారం

నిన్న పాళీ మధ్యలో కరెంటు పోయి షెడ్డు నిశ్శబ్దమైంది. నాలో పురుగు ఊరుకోలేదు. మాస్కు పెట్టుకుని, ఒక్కొక్కరి వెనక నిలబడి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలుస్తూ పోయాను. సురేశ్ వయసు వాళ్ళు తిరిగారు. బాపు వయసు వాళ్ళలో చాలామంది తిరగలేదు. దశరథం మామ గట్టిగా పిలిస్తేగాని తిరగలేదు, బాపు దానికీ తిరగడు. నన్ను పెళ్ళెప్పుడని ఏడిపించి, జవాబు వినకుండానే నవ్వుతాడెందుకో ఇప్పుడు తెలిసింది.

ఒక్కరికీ వాళ్ళ పక్కవాడి సంగతి తెలియదు. అందరూ తల ఊపుతున్నారు.

6 నవంబర్

రిపోర్టు పదో తారీఖున ఇవ్వాలి. లాక్‌డౌన్ తర్వాత మొదటిసారి సేఠ్ కూడా వస్తాడట. షుగర్ మనిషి, మార్చి నుంచి ఇల్లు కదలలేదు.

నీలం పేలికలతో డ్యామేజ్ లాక్‌డౌన్ ముందున్నదానికంటే కిందికి పోయింది. మితుల్ భాయి పొంగిపోతున్నాడు. అయినా, "మూల కారణం రాయి, ఎక్కువ డ్యామేజ్ చేసినవాళ్ళ పేర్లు కూడా రాయి, పద్ధతి ప్రకారం పోదాం" అంటాడు. జులై నుంచి లెక్క తీస్తే బాపు పేరే ముందుంటుంది.

మాస్కు అని రాస్తే సగం నిజం. వినపడదు అని రాస్తే పూర్తి నిజం, బాపుకు ఫోన్ రాదు. దశరథం మామకూ రాదేమో.

8 నవంబర్

రాయలేదు.

10 నవంబర్, మంగళవారం

సేఠ్ వచ్చాడు. మాస్కు మీద మాస్కు. కేబిన్‌లో ఆయన, మితుల్ భాయి, నేను. లెక్కలు చదవడం మొదలుపెట్టాను. అంతలో పాండేసర మిల్లు నుంచి ఫోనొచ్చి మితుల్ భాయి బయటికి వెళ్ళాడు. "చదువు చదువు" అన్నట్టు సేఠ్ చెయ్యి ఊపాడు.

చదువుతున్నాను. సేఠ్ తల ఊపుతున్నాడు. మంచి లెక్క దగ్గర ఊపాడు, చెడ్డ లెక్క దగ్గరా అంతే ఊపాడు. ఆ ఊపుడు నాకు తెలుసు. ఈయన కూడా ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య తిరిగినవాడే కదా అనిపించింది. కాగితం మీదికి తల వంచి, అదే గొంతుతో, "సేఠ్‌జీ, కార్ఖానే మే ఆగ్ లగ్ గయీ హై" అని, కార్ఖానా అంటుకుందని, లెక్కల్లో లేని మాట చదివాను.

"అచ్ఛా, అచ్ఛా" అని తల ఊపాడు సేఠ్.

నవ్వు రాలేదు. లేచి కిటికీ తెరిచి, దూరంగా నిలబడి, మాస్కు తీశాను. ఆయన కళ్ళు వెంటనే నా పెదవుల మీదికి వచ్చాయి. మా ఇంట్లో మాట్లాడినట్టు నోరు తెరిచి, హిందీలో ఒక్కో మాటా చెప్పాను. ముత్యం మా బాపు అని, ఆయనకు వినపడదని, సాంచ మోత వల్లనే పోయిందని. గుడ్డ పాడైంది ఆయన చేతుల వల్ల కాదని, పేలిక కట్టినప్పటి నుంచి ఆయన సాంచాల మీదే అందరికంటే శుభ్రంగా వస్తున్నదని. షెడ్డులో ఇంకా చాలామంది అట్లాగే ఉన్నారని చెప్పి, అక్కడ ఆగాను.

సేఠ్ తలుపు వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "మితుల్ కో మత్ బోల్నా" అన్నాడు, కొడుక్కు చెప్పొద్దని.

"బాపు సంగతా?" అని అడిగాను.

తన చెవి ముట్టుకున్నాడు. అది తెలిస్తే కార్ఖానా మొత్తం కొడుకు చేతికి పోతుందని ఆయన భయం. సాంచాలు పోతాయని బాపు భయం. రెండూ ఒకటేనని నేను అనను, ఆయనకు తినడానికి ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ తల ఊపడం మాత్రం ఒకటే.

మితుల్ భాయి తిరిగొచ్చాడు. సేఠ్ గట్టిగా, ఎప్పుడూ అరిచినట్టే అరిచి చెప్పాడు. దీపావళి తర్వాత పాతవాళ్ళందరినీ పిలవాలి, పేర్ల లెక్క ఏదీ వద్దు. ఇది తన మాట.

"మరి మూల కారణం? మాస్క్ అని రాసుకోనా?" అన్నాడు మితుల్ భాయి నాతో.

"రాసుకోండి" అన్నాను.

అబద్ధం కాదు. ఐదు ఎందుకులు అడగాలి, నాలుగో దాని దగ్గర ఆగాను. కొత్తగా చేరే పిల్లలకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు కావాలని మాత్రం కింద రాశాను. ఎందుకని మితుల్ భాయి అడిగాడు. ఆయన చూడని వైపు నుంచి సేఠ్ నాకు తల ఊపాడు. ఈసారి విని ఊపాడో, చూసి ఊపాడో.

14 నవంబర్

దీపావళి. గల్లీలో పిల్లలు లక్ష్మీబాంబులు కాలుస్తున్నారు. బాపు నవ్వుతూ చూస్తున్నాడు.

18 నవంబర్, బుధవారం

పొద్దున ఫోన్ వచ్చింది. ఎప్పటిలాగే అవ్వ ఎత్తింది. "రేపు లాభ్ పాంచమ్ ముహూర్తానికి ముత్యం సాంచ ఎక్కాలె" అని కార్ఖానా లెక్కలు రాసే మునీమ్ చెప్పాడట. దీపావళి తర్వాత గుజరాతీ వాళ్ళు పని మొదలుపెట్టే రోజది. అవ్వ ఫోన్ కొంగులో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

బాపు డాబా మీద బట్టలు ఆరేస్తున్నాడు. నేనే పైకి పోయాను. ఎదురుగా నిలబడి చెప్పాను. "బాపూ, రేపు రమ్మన్నరు."

తల ఊపాడు. ఇది సరిగా అందింది, కళ్ళు చెప్పాయి. వెనక్కి రాబోయి, మళ్ళీ ఎదురుగా నిలబడ్డాను.

"బాపూ, నీకు ఇనవడది. నాకెర్క."

తడి లుంగీ ఆయన చేతిలోనే ఉండిపోయింది. "మీ అవ్వ జెప్పిందా?" అన్నాడు.

"నేనే కనుక్కున్న."

"తెలివిగల్లదానివే." లుంగీ దులిపి తీగ మీద వేశాడు. "బాధవడకు బిడ్డా. మొత్తానికి ఇనవడకపోవుడు గాదు. నీ పెదవులు కదుల్తుంటె నాకు గొంతు ఇనవడ్తది."

"ఎట్ల ఇనవడ్తది?"

"నువ్వు ఆరో తరగతిల ఉన్నప్పటి గొంతు. ఆఖర్న మంచిగ ఇన్నది గదే. నువ్వేం మాట్లాడినా నాకు గా గొంతుతోనే వస్తది. పెద్దదానివైనంక నీ గొంతు ఎట్లయిందో నాకు ఎర్కలేదు."

నాకు ఏడుపొచ్చింది. ముఖం తిప్పుకుంటే ఆయనకు నా మాట పోతుందని తిప్పుకోలేదు. ఆ ఏడుపు ముఖంతోనే అడిగాను.

"ఎట్లుండె బాపూ, నా గొంతు?"

నన్ను కూర్చోమని చెప్పి, ఎదురుగా తనూ కూర్చుని, బాపు చెప్పడం మొదలుపెట్టాడు.